పెరటి నిమ్మకు పదిమంది హకీములు

పెరట్లో నిమ్మచెట్టు ఉన్న ఇంటికి సలహాల కొదవ ఉండదు. కొదవంతా కాయలకే. మా చెట్టు ఆరేళ్లలో గోడ దాటి పెరిగింది. పిల్లల బంతులు, గాలిపటాలు, ఆరేసిన దుపట్టాలు... దాని ముళ్లకు చిక్కని వస్తువు లేదు. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

చెట్టు జబ్బు కుదర్చడానికి హకీములు బయలుదేరారు. మొదట్లో మేకు కొట్టమన్నారొకరు. పాదులో ఉప్పు పోయమన్నారు మరొకరు. ఇద్దరికీ చాయ్ ఇచ్చి సాగనంపాము. మూడో పెద్దమనిషి ఆకుల మీది మచ్చలు చూసి, "పిట్టల రెట్ట, వాన పడితే పోతుంది" అని తేల్చారు. ఇంతలో ఆ రెట్ట కాస్తా నడవసాగింది! అవి నిమ్మ సీతాకోకచిలుక పురుగులు. చిన్నప్పుడు అచ్చం రెట్టలాగే ఉండి, ఎదిగాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతాయి. పెద్దమనిషి ముక్కు మూసుకుని వీధిలోకి నడిచారు. చివరికి అమ్మీజానే చీపురుపుల్లతో వాటిని ఏరిపారేశారు.

అసలు పరీక్ష 2022 ఏప్రిల్‌లో వచ్చింది. రంజాన్ నెల, మండుటెండలు. బజారులో ఒక్క నిమ్మకాయ పది రూపాయలు పలికింది. "మీకేం, ఇంట్లోనే చెట్టుంది" అంటూ మొహల్లా అంతా ఇఫ్తార్ షర్బత్ కోసం మా ఇంటికి గిన్నెలు పంపింది. కాయలు లేవంటే నమ్మేదెవరు? దాచుకున్నామన్న మాట గోడ అవతలి నుంచి వినిపించింది. "కాయని చెట్టుకు ఈ అపవాదు కూడానా!" అంటూ మా తమ్ముడు గొడ్డలి తెచ్చాడు. అమ్మీజాన్ చెట్టు కింద కుర్చీ వేసుకుని, "ముందు నన్ను లేపు" అన్నారు. గొడ్డలి అటకెక్కింది.

చెట్టు గుట్టు విప్పినవాడు ఒక నిమ్మతోట కౌలురైతు. ఆయన కొమ్మలు చూడలేదు, పాదు చూశాడు. ఇల్లు కట్టిన మేస్త్రీ చలవ వల్ల వజూ నీళ్లు, స్నానాల నీళ్లు ఏడాది పొడవునా అక్కడికే చేరుతున్నాయి. "సాబ్, దీనికి దాహమే తెలియదు. ఇక పూయడం దేనికి?" అన్నాడు. పూతకు ముందు నిమ్మకు కొన్నాళ్లు నీరు ఆపాలి. ఆకు కాస్త వాడాక ఎరువు వేసి నీరు పెడితే పూత వస్తుంది.

ఆ పూతలు మూడు. జనవరి, ఫిబ్రవరిలో అంబే బహార్. జూన్, జూలైలో మృగ్ బహార్. సెప్టెంబరు, అక్టోబరులో హస్త బహార్. మృగశిర, హస్త మన కార్తెలు. బహార్ అంటే ఉర్దూలో వసంతం. కాగితంలాంటి పలుచని తొక్క ఉన్నందుకు కాయ పేరు కాగ్జీ నిమ్మ. రెండు భాషల చెట్టు మరి!

పూత కాయగా ఎదగడానికి ఐదారు నెలలు కావాలి. ఎండాకాలానికి కాయలు అందాలంటే హస్త పూత పట్టాలి. అప్పుడేమో వానలు. చెట్టును దాహంతో ఉంచడం కష్టం. వేసవిలో నిమ్మ ప్రియం కావడానికి ఇదొక కారణం.

కాలువను అరటి పాదుకు మళ్లించాము. డిసెంబరులో నీరు ఆపాము. 2023 వానాకాలంలో కొమ్మలు వంగేలా కాసింది. అప్పటికి నిమ్మ చవకైంది, అడిగేవారు లేరు. అయినా అమ్మీజాన్ ఇంటింటికీ గిన్నె నిండా పంపారు. అపవాదు వేసిన ఇంటి గిన్నెలో నాలుగు ఎక్కువే వేశారు. ఆ ఇంటి నుంచి నెల తిరక్కుండానే ఊరగాయ జాడీ వచ్చింది.

పొరుగింటి గోడ మీద పచ్చని కొమ్మ కనిపిస్తే కాయలు దాచారనుకోకండి. దాని బహార్ ఇంకా రాలేదేమో!