పెరగబోయే కణం ముందుగా చేసే పని: ఆర్‌ఎన్‌ఏ చుట్టూ అపోహలు, వాస్తవాలు

కోవిడ్ టీకాల రోజుల్లో ఆర్‌ఎన్‌ఏ అన్న మాట ఇంటింటా వినిపించింది. దాంతోపాటే ఒక సగం నిజం కూడా మనసుల్లో నాటుకుపోయింది: డీఎన్‌ఏ ఆజ్ఞ ఇస్తుంది, ఆర్‌ఎన్‌ఏ దాన్ని మోసుకెళ్తుంది, అంతే. గాయం మానేటప్పుడు, ఒంట్లో సూక్ష్మజీవి చొరబడి తెల్ల రక్తకణాలు మేలుకున్నప్పుడు, అప్పటిదాకా ఊరకున్న కణాలు పెరగడం మొదలుపెడతాయి. అప్పుడు లోపల ఏం జరుగుతుందో ఆ సగం నిజంతో అర్థం కాదు. ఈ విషయంలో మనకు తెలిసినదానిలో ముఖ్యమైన భాగం ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో, లండన్, గ్లాస్గో ప్రయోగశాలల్లో తేలింది. కాబట్టి ఎక్కువగా అక్కడి ఆధారాలతోనే చూద్దాం.

అపోహ: కణంలోని ఆర్‌ఎన్‌ఏ అంతా సందేశాలు మోసేదే

పెరుగుతున్న కణంలో సందేశాలు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ వాటా నూటికి ఐదు పాళ్ల లోపే. దాదాపు 80 పాళ్లు రైబోజోముల్లో ఉంటుంది. ప్రోటీన్లను తయారుచేసేది రైబోజోములే. కణం పెరగాలంటే ప్రోటీన్లు కావాలి, వాటికి రైబోజోములు కావాలి, వాటికి ఆర్‌ఎన్‌ఏ కావాలి. వేగంగా పెరిగే ఈస్ట్ కణం నిమిషానికి సుమారు 2,000 రైబోజోములు తయారుచేసుకుంటుంది. మన కణాల్లో ఈ ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన జన్యువు వందల నకళ్లుగా ఐదు జతల క్రోమోజోముల మీద ఉంది. ఆ జన్యువులు పనిచేసే చోటే కేంద్రకంలో చుక్కలా కనిపించే కేంద్రకాంశం.

కేంద్రకాంశం ఎందుకోసమన్నది తేల్చినవి ఆక్స్‌ఫర్డ్ కప్పలు. ఆఫ్రికా కప్ప జెనోపస్ కణాల్లో రెండు కేంద్రకాంశాలు ఉంటాయి. ఒకటే ఉన్న కప్పలు కొన్ని మైఖేల్ ఫిష్‌బర్గ్ ప్రయోగశాలలో కనిపించాయని 1958లో ప్రకటించారు. అలాంటి రెండు కప్పలను జతకడితే పిల్లల్లో నాలుగో వంతుకు కేంద్రకాంశమే ఉండదు. 1964లో డొనాల్డ్ బ్రౌన్, జాన్ గర్డన్ ఆ పిండాలను పరీక్షించి, వాటిలో కొత్త రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారుకావడం లేదని చూపించారు. అయినా ఆ పిండాలు వెంటనే చావలేదు. తల్లి గుడ్డులో దాచి ఇచ్చిన రైబోజోములతో తోకకప్ప దశ దాకా వచ్చాయి. ఆపైన నిజంగా ఎదగాల్సిన వేళ చనిపోయాయి. తొలి రోజుల్లో పిండం చేసేది విభజనే, ఎదుగుదల కాదు. ఈ తేడాను పాఠ్యపుస్తకాలు ఇంకాస్త స్పష్టంగా చెప్పాలి.

అపోహ: నిద్రలేచిన కణం ముందు డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటుంది

దీనికి జవాబు చెప్పిన ప్రయోగం నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోస్తుంది. మనుషుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు. కోడి ఎర్ర రక్తకణంలో ఉంటుంది, కానీ అది ముడుచుకుపోయి ఆర్‌ఎన్‌ఏను గానీ డీఎన్‌ఏను గానీ దాదాపుగా తయారుచేయదు. 1960ల నడిమిలో ఆక్స్‌ఫర్డ్ సర్ విలియం డన్ స్కూల్ ఆఫ్ పాథాలజీలో హెన్రీ హారిస్, ఆయన సహచరులు నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్ సాయంతో ఈ కణాన్ని ప్రయోగశాలల్లో పెంచే మనిషి కణమైన హీలాతో కలిపేశారు. రెండు జాతుల కేంద్రకాలు ఒకే కణంలో చేరాయి.

మొద్దుబారిన ఆ కోడి కేంద్రకం మేలుకుంది. ముందుగా ఉబ్బింది, గట్టిగా చుట్టుకున్న పోగులు వదులయ్యాయి. ఉబ్బినకొద్దీ ఆర్‌ఎన్‌ఏ తయారీ పెరిగింది. మేలుకొమ్మన్న సంకేతం హీలా కణం లోపలి పదార్థం నుంచే అందింది. అది మనిషిదైనా కోడి కేంద్రకానికి అర్థమైంది. మరో విశేషం, ఆర్‌ఎన్‌ఏ తయారవుతున్నా కోడికే ప్రత్యేకమైన ప్రోటీన్లు వెంటనే కనబడలేదు. కోడి కేంద్రకంలో కేంద్రకాంశం ఏర్పడ్డాకే అవి వచ్చాయి.

తెల్ల రక్తకణాల్లోనూ వరుస ఇంతే: ముందు ఆర్‌ఎన్‌ఏ, తర్వాతే డీఎన్‌ఏ. రాజ్మా గింజల నుంచి తీసే ఫైటోహెమగ్లుటినిన్ అనే పదార్థం తగిలితే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు పెరగడం మొదలుపెడతాయి. ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదటి గంటల్లోనే పుంజుకుంటుంది. డీఎన్‌ఏ వంతు వచ్చేసరికి దాదాపు ఒక రోజు గడిచిపోతుంది.

అపోహ: విశ్రాంతిలో ఉన్న కణంలో ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది

కోడి రక్తకణం అరుదైన ఉదాహరణ. చాలా కణాల్లో పొయ్యి ఆరిపోదు, సెగ తగ్గుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో యూర్గ్ బేలర్ బృందం 2012లో ఈస్ట్ కణాల్లోని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అణువులను లెక్కించింది. పెరుగుతున్న కణంలో 40 వేలకు పైగా ఉంటే, నత్రజని అందక విశ్రాంతిలోకి వెళ్లిన కణంలో 8 వేల లోపున్నాయి. తగ్గాయి గానీ సున్నా కాలేదు.

లింఫోసైట్ల కథ ఇంకా విచిత్రం. విశ్రాంతిలో ఉన్నప్పుడు అవి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తూనే, అందులో పెద్ద భాగాన్ని పూర్తికాకముందే నాశనం చేస్తాయి. దీన్ని అమెరికాలో హెర్బర్ట్ కూపర్ గుర్తించారు. పెరుగుదల మొదలయ్యాక తయారీ పెరగడమే కాదు, ఆ వృథా కూడా ఆగుతుంది. కాబట్టి నియంత్రణ తయారీ దగ్గరే ఉందనుకోవడం పొరపాటు. ఎంత తయారైంది, ఎంత నిలిచింది అన్న రెండు ప్రశ్నలూ అడగాలి.

అపోహ: డీఎన్‌ఏ ఎంతుంటే ఆర్‌ఎన్‌ఏ అంత

ఒక జీవిలోని మామూలు కణాలన్నిటిలో డీఎన్‌ఏ దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ మాత్రం పెరుగుదలను బట్టి మారుతుంది. గ్లాస్గోలో జె.ఎన్. డేవిడ్‌సన్, ఐ. లెస్లీ 1950లో డీఎన్‌ఏను కొలబద్దగా పెట్టుకుని పెరుగుదలను లెక్కించవచ్చని సూచించడానికి ఆధారం ఇదే. (న్యూక్లిక్ ఆమ్లాలను వాటిలోని భాస్వరాన్ని బట్టి కొలిచిన ఆ కాలంలో విరివిగా వాడిన భాస్వర పరీక్షల్లో ఒకటి, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి రూపొందించినది.)

అయితే డీఎన్‌ఏ మారకుండా ఆర్‌ఎన్‌ఏ ఎలా మారుతుంది? కణం సైజును బట్టి. ఎడిన్‌బరోలో మర్డాక్ మిచిసన్ ప్రయోగశాలలో 1970లలో పాల్ నర్స్ మామూలుకన్నా చిన్న సైజులోనే విభజన చెందే ఈస్ట్ రకాలను కనుగొన్నప్పటి నుంచి, సైజు ఆర్‌ఎన్‌ఏ తయారీని ఎలా నడిపిస్తుందన్న ప్రశ్న నలుగుతూనే ఉంది. 2020లో లండన్‌లో శామ్యూల్ మార్గెరా బృందం ఒక గట్టి సమాధానం ఇచ్చింది: కణం పెద్దదయ్యేకొద్దీ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైము జన్యువుల మీద మరింత తరచుగా పని మొదలుపెడుతుంది. ఈ ఎంజైము పరిమితంగా ఉండటంతో జన్యువులు దానికోసం పోటీపడతాయి. కణం పెరిగితే అందుబాటులో ఉండే ఎంజైమూ పెరుగుతుంది.

అపోహ: క్యాన్సర్ కణంలో పెరిగే ఆర్‌ఎన్‌ఏ పర్యవసానమే, కారణం కాదు

క్యాన్సర్ కణాల్లో కేంద్రకాంశాలు పెద్దవిగా ఉంటాయని సూక్ష్మదర్శినిలో చూసేవారికి వంద ఏళ్లకు పైగా తెలుసు. అది కేవలం పక్క లక్షణమని చాలాకాలం అనుకున్నారు. 1996లో రాబర్ట్ వైట్, ఆయన సహచరులు పిల్లల కంటి క్యాన్సర్‌లో దెబ్బతినే ఆర్‌బీ ప్రోటీన్, ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను అందించే టీఆర్‌ఎన్‌ఏలను తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3ను అదుపులో ఉంచుతుందని చూపించారు. 2003లో గ్లాస్గోలోని ఆయన బృందం, అనేక క్యాన్సర్లలో అదుపు తప్పే మిక్ ప్రోటీన్ అదే ఎంజైమును నేరుగా ఉసిగొల్పుతుందని తేల్చింది. 2008 నాటి ఫలితం మరింత సూటిగా ఉంది. ప్రోటీన్ తయారీని మొదలుపెట్టే ఒకే ఒక టీఆర్‌ఎన్‌ఏను పెంచితే చాలు, ఎలుక కణాలు వేగంగా విభజన చెంది క్యాన్సర్ లక్షణాల వైపు మళ్లాయి.

దీనివల్ల పాత మందొకటి కొత్తగా అర్థమవుతుంది. పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితికి దశాబ్దాలుగా వాడుతున్న ఆక్టినోమైసిన్-డి, తక్కువ మోతాదులో ముందుగా ఆపేది రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీనే.