పాతకార్ల పత్రికాధిపతి

పత్రికలు నడపువారి పేర్లు ఆ పత్రికలకన్న ముందుగనే మాసిపోవుట లోకమున సామాన్యము. అట్లు మాసిపోని పేరొకటి ఇంగ్లండు దేశమున గలదు. పాత మోటారుకార్లపై మక్కువగలవారు నలుగురు కూడినచోట 'డబ్లియు. బి.' అని రెండక్షరములు పలికిన జాలును. ఎవరిని గూర్చియో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యక్షరములు విలియం బాడీగారివి. 'మోటార్ స్పోర్ట్' అను మాసపత్రికకు 1936 మొదలు 1991 వఱకు, అనగా ఏబదియైదేండ్లు, ఆయన సంపాదకులుగ నుండిరి. 1913 ఫిబ్రవరి 22వ తేదీని జన్మించి, 2011 జులై 7వ తేదీని, తొంబదియెనిమిదేండ్ల ప్రాయమున కీర్తిశేషులైరి. సంపాదకపీఠము విడిచిన పిదపను కలము విడువలేదు. 1930లో, పదునేడేండ్ల పిల్లవాడుగ, ఆ పత్రికకు తొలివ్యాసము పంపిన చేయి ఎనుబదియేండ్లు నిండిన తరువాతను దానికే వ్రాయుచుండెను. పత్రికావృత్తిలో తలనెరసిన మేము ఈ లెక్కను రెండుమాఱులు వేసి చూచుకొంటిమి.

మన మోటారుషెడ్లలో 'బాడీ' యనగా కారు పైతొడుగు. ఆ పేరుగల పెద్దమనిషి కార్ల చరిత్రకారుడగుట వినినవారికి నవ్వు వచ్చిన రావచ్చును. కాని ఆయన చూపు పైతొడుగుపై ఎన్నడును నిలువలేదు.

పాతకార్లపై మక్కువ యనగనే మన పాఠకులకు సంస్థానాధీశుల మోటారుశాలలును, వెండిపూతల రోల్సురాయిసులును మనస్సునకు దోచును. బాడీగారి లోకము అది కాదు. 1934లో ఇంగ్లండున కొందఱు యువకులు చేరి 'వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్' అను సంఘమును స్థాపించిరి. వారిలో పెక్కురు అంతగా ధనవంతులు గారు. క్రొత్తకార్లు కొనుటకు వారికి శక్తి లేదు. కొనదగిన క్రొత్తకార్లు వారి కంటికి నచ్చనులేదు. అంతకు పదేండ్లక్రిందట గట్టి పనితనముతో చేయబడి, మోజు తీరినందున కారుచౌకగ అమ్ముడుపోవుచున్న కార్లను వారు కొని, తమ చేతులతోనే విప్పి బిగించుకొని నడుపుకొనసాగిరి. మంచి యేటి ద్రాక్షరసమునకు వాడు 'వింటేజి' అను మాటను ఈ కార్లకు పెట్టినదియు అట్టివారే. 1919 మొదలు 1930 కడపటి వఱకు పుట్టిన కార్లకు ఆ మాట నేటికిని వర్తించుచున్నది. లోకము వీరిని చూచి పాతచింతకాయపచ్చడి యని నవ్వుచుండగా, వీరి మాటను అచ్చున కెక్కించి వీరొక సమాజమని వీరికే తెలియజెప్పినది బాడీగారి పత్రిక.

ఈ పని నిజముగ పరీక్షకు వచ్చినది యుద్ధకాలమున. 1939లో యుద్ధము వచ్చెను, పందెములు నిలిచిపోయెను. 1942లో సొంత విహారములకిచ్చు పెట్రోలు సైతము బొత్తిగ ఆపివేయబడెను. కార్లు కొట్టములలో దిమ్మెలపై కూరుచుండెను. వానిని నడుపువారు పటాలములలోను కర్మాగారములలోను చెదరిపోయిరి. బండి కదలని దేశమున బండ్ల పత్రిక ఏమి వ్రాయవలెను? బాడీగారు పగలు ప్రభుత్వపు కొలువు చేయుచు, మిగిలిన వేళ పత్రికను కూర్చుచుండిరి. వార్తలు లేని పత్రికను ఆయన పాఠకులచేత వ్రాయించిరి. 'నాకుండిన కార్లు' అను శీర్షిక యొకటి పెట్టి, ఎవరెవరు ఏయే కార్లు కొనిరో, ఎంతకు కొనిరో, ఎక్కడ చెడిపోయెనో, ఎట్లు బాగుచేసికొనిరో వ్రాసి పంపుడనిరి. ఉత్తరములు వచ్చెను. ఇంటికి దూరమై, రేపటి మాట తెలియని మనుష్యుడు తన మొదటికారు గేరుపెట్టె చేయు చప్పుడును గూర్చి పుటలకొలది వ్రాయును. మఱియెక్కడనో మఱియొకడు దానిని చదివి, కాదు, ఆ చప్పుడు ఇట్లుండునని దిద్దును. ఇది పిల్లలాట యని తోచువారికి తోచుగాక. ఆ చీకటి సంవత్సరములలో ఒక సమాజము చెదరక నిలిచియుండుటకు కాగితము తప్ప వేఱు ఆధారము లేకుండెను. ఆ కాగితమును నెలనెలకు అందించినవారు ఈయన. యుద్ధానంతరము ఆ కార్లు తిరిగి రోడ్లెక్కునప్పటికి వాని యజమానులు ఒకరినొకరు ఎఱిగిన చుట్టములవలె నుండిరి.

యుద్ధమునకు కొలదినెలల ముందు, 1939లోనే, ఆయన మఱియొక పని చేసిరి. ఆస్టిన్ కంపెనీవారి 'సెవెన్' అను చిన్నకారు 1922లో పుట్టి 1939 వఱకు సుమారు 2,90,000 అమ్ముడుపోయెను. ఏడువందల ఏబది ఘనసెంటీమీటర్లకు లోబడిన యంజను. నలుగురు ఒదిగి కూరుచుండు తొట్టి. గుమాస్తాలను ఉపాధ్యాయులను మోటారెక్కించిన కారది. దాని తయారీ ఆగిపోవు తరుణమున దానిని బ్రతికించుకొనుటకై బాడీగారు '750 క్లబ్' నెలకొల్పిరి. గొప్పకార్లకు సంఘములు పెట్టుటకు ఎందఱైన గలరు. ఇంతటి చిన్నకారుకు చరిత్ర గలదనియు, అది దాచుకొనదగినదనియు తలచుటలోనే ఆయన గుణము తెలియుచున్నది. ఆ సంఘపు పోటీలలో అఱిగిన ఆస్టిను భాగములతో సొంతకారు కట్టుకొని 1951లో అందఱిని మించిన యువకుడు కాలిన్ చాప్మన్. ఆయన లోటస్ కార్లు తరువాత ప్రపంచవిజేతలగుట పాఠకులెఱిగినదే.

సంపాదకునిగ ఆయనకు మొగమోటము తక్కువ. 1950 దశకమున జర్మనీవారి ఫోక్స్‌వాగన్ 'బీటిల్' కారు నడిపి చూచి, బాగున్నది గనుక బాగున్నదని వ్రాసిరి. నిన్నటి శత్రుదేశపు సరకును మెచ్చుకొనుట స్వదేశపు కర్మాగారములవారికి కంటగింపైనను ఆయన వెనుదీయలేదు. స్వదేశివ్రతమును నమ్మినవారమయ్యు మేము ఈ విషయమున బాడీగారి పక్షమే. చెడ్డ స్వదేశివస్తువును మంచిదని వ్రాయు పత్రిక స్వదేశికి చేయు మేలు ఏమియు లేదు. అయితే 1965లో అక్కడి ప్రభుత్వము గంటకు డెబ్బది మైళ్లకు మించి పోరాదని హద్దు పెట్టినప్పుడు ఆయన చూపిన ఆగ్రహమును మాత్రము మేము ఒప్పుకొనజాలము. రోడ్డు నడిపించువానిది మాత్రమే కాదు, నడచువానిదిగూడ. కాని తాను నమ్మిన దానిని దాచక వ్రాయువాడు గనుకనే, ఒప్పుకొననివారు సైతము మఱునెల సంచికకై ఎదురుచూచుచుండిరి.

ఆయనతో దీర్ఘకాలము పనిచేసిన డెనిస్ జెంకిన్సన్ పేరు వేఱుగ చెప్పవలయును. 1955లో ఇటలీయందు వేయిమైళ్ల పందెమున స్టెర్లింగ్ మాస్ ప్రక్కన కూరుచుండి, దారిలోని మలుపులన్నియు వ్రాసికొనిన కాగితపుచుట్టను విప్పుచు ఆయనకు చేతిసైగలతో దారి చూపిన గడ్డపుమనిషి ఇతడే. పది గంటల ఏడు నిమిషములలో వారు గెలిచిరి. ఆ ప్రయాణమును జెంకిన్సన్ బాడీగారి పత్రికలోనే వ్రాసెను. మోటారు రచనలలో దానికి సాటి తక్కువ.

ఇక ఆయన హృదయమెక్కడ నుండెనన, బ్రూక్లాండ్సులో. లండనుకు నైరృతిమూలగ వేబ్రిడ్జి యొద్ద హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన సొంతనేలపై, తన సొంతధనముతో 1907లో కట్టించిన పందెపుబాట యది. చుట్టుకొలత రెండుముప్పాతిక మైళ్లు, వెడల్పు నూఱడుగులు, మలుపులయొద్ద దాదాపు ముప్పదియడుగుల యెత్తు లేచిన కాంక్రీటు గట్టు. తెఱచిన కొలదిదినములకే ఎడ్జి యను నతడు నేపియర్ కారుతో ఇరువదినాలుగు గంటలు ఏకధాటిగ తిరిగి 1,581 మైళ్లు పూర్తిచేసెను. బాడీగారు పదునేడవయేట వ్రాసిన తొలివ్యాసము ఈ బాట చరిత్రయే. 1939 ఆగస్టులో కడపటి పందెము జరిగెను. తరువాత ఆ స్థలమును విమానకర్మాగారములు ఆక్రమించెను. గట్టునకు గండ్లు పడెను. 1946లో బాట విమానకంపెనీకి అమ్ముడుపోయెను. 1951లో విమానములు ఎగురు దారికై గట్టు మఱికొంత తెగెను.

నేలపై నున్నదానిని నిలుపుటకు పత్రికాధిపతికి శక్తి యెక్కడిది? ఆయన కాగితముపై దానిని మరల కట్టిరి. 1948 మొదలుగ మూడు సంపుటములలో బ్రూక్లాండ్సు చరిత్రను, ఏటివెంట ఏడుగ, పందెమువెంట పందెముగ కూర్చిరి. గెలిచినవారి పేర్లు ఎవరైనను వ్రాయుదురు. ఓడినవారిని, దారిలో నిలిచిపోయినవారిని, పేరుమాసిన కంపెనీల కార్లను సైతము విడువక వ్రాసిన గ్రంథమది. కొంత విసువు పుట్టించునంత నిండైన గ్రంథమనుటకు మేము వెనుదీయము. ఆ విసువే దాని విలువ. 1967లో ఆ స్థలమును కాపాడుటకై ఏర్పడిన బ్రూక్లాండ్సు సంఘమును స్థాపించినవారిలో ఆయనయు నొకరు. 1991లో అక్కడ మ్యూజియము తెఱవబడెను.

మిగిలిన గట్టు నేటికిని చెట్లనడుమ నిలిచియున్నది. 1935లో జాన్ కాబ్ గంటకు 143.44 మైళ్ల వేగమున ఆ బాటను చుట్టివచ్చిన నేపియర్-రైల్టన్ కారు ఆ మ్యూజియములోనే నడుచుస్థితిలో నున్నది; ఇరువదినాలుగు లీటర్ల దాని యంజను మ్రోగునప్పుడు వినుటకు జనులు చేరుదురు. ఆ యేట కాబ్‌తోబాటు ఆ కాంక్రీటుపై ఎవరెవరు ఏ కార్లు తెచ్చిరో, ఎవరిది ఏ మలుపున ఆగిపోయెనో తెలిసికొనగోరువారు బాడీగారి సంపుటములనే తిరుగవేయుచున్నారు.