పాలిటెక్నిక్కు మీదుగా ఇంజనీరింగు

మా యాత్రేయపురమున పొరుగింటి యిల్లాలు, బోర్లించిన కుండపై పూతరేకులు తీయుచునే, ఒకనాడు మమ్మడిగినది: "అమ్మగారండీ, పిల్ల పది ప్యాసయింది. పాలిటెక్నిక్కులో చేరతానంటోంది. అక్కడ చేరితే పెద్ద చదువుకి దారి మూసుకుపోదు గదండీ?"

మేము తొందరపడి "ఇంటర్మీడియటే మేలు" అంటిమి. రాత్రి మా యింటివారు కాగితముపై లెక్కవేసి చూపగా సిగ్గుపడితిమి.

సోదరీమణులారా, ఆ లెక్క మీరును చూడుడు. ఇంటర్మీడియట్ 2 ఏండ్లు, బి.టెక్. 4 ఏండ్లు, వెరసి 6. పాలిసెట్ వ్రాసి డిప్లమాలో చేరినచో 3 ఏండ్లు. పిదప ఈసెట్ ద్వారా సీటు పొందినవారు బి.టెక్. రెండవ సంవత్సరముననే చేరుదురు గనుక మరి 3 ఏండ్లు, వెరసి 6. ఒక్క యేడైనను నష్టము లేదు. నడుమ నింటి స్థితి తారుమారై చదువాగినను, డిప్లమా చేతనుండును. అసిస్టెంటు ఇంజనీరు వంటి కొలువులకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

శ్రమ లేదని మేమనము. ఈసెట్ 200 మార్కులలో సగము తన శాఖకు, 50 గణితమునకు, భౌతిక రసాయన శాస్త్రములకు చెరి 25. సీట్లును పరిమితములే. నేరుగా రెండవయేట చేరిన పిల్లకు గణితమున తోడివారు ముందున్నట్లు తోచును. మొదటి నెలలలో కన్నీరు పెట్టినను ఇంటివారు "అందుకే వద్దంటిమి" అని దెప్పరాదు.

మరునాడు మేమా లెక్కను పిల్ల నోటుపుస్తకమునందే వేసి చూపి, మా తప్పొప్పుకొంటిమి. కాకినాడలో ఆడపిల్లలకే ప్రత్యేకముగా ప్రభుత్వ పాలిటెక్నిక్కు కలదనియు చెప్పితిమి.

ఆమె చేతనున్న రేకును పళ్లెములో పెట్టి, "అయితే ఓ మంచి పెట్టె కొనాలండీ" అన్నది.