తాళములోని లోపము: చాటవలెనా, దాచవలెనా?

ఒక ఊరిలోని ఇండ్లన్నింటికిని ఒకే కమ్మరి చేసిన తాళములు వేసియున్న వనుకొందము. ఆ తాళము చిన్న పుల్లతో తెరచుకొనునని ఒకనికి తెలిసినది. అతడు దండోరా వేయించినచో ఇంటివారితోపాటు దొంగయు వినును. ఊరకున్నచో, ఆ కిటుకును ముందే కనిపెట్టిన దొంగకు ఎదురే యుండదు. కంప్యూటరు యుగమున ఈ చిక్కు తరచుగా ఎదురగుచున్నది.

అడిగినవారికి సమాచారము నందించు కంప్యూటర్లకు సర్వర్లని పేరు. వానిని నడిపించు ఆదేశముల సముదాయమే సాఫ్ట్‌వేరు. మనుష్యులు వ్రాసినది గనుక అందు పొరపాట్లు సహజము. పొరపాటు పరులు చొరబడుటకు త్రోవయైనప్పుడు దానిని భద్రతాలోపమందురు.

2014 నాటి ‘హార్ట్‌బ్లీడ్’ ఉదంతము ఇందుకు నిదర్శనము. సర్వర్లతో జరుగు సంభాషణను రహస్యలిపిలోనికి మార్చు ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ అను సాఫ్ట్‌వేరు ప్రపంచమంతట వాడుకలో నున్నది. సంబంధము తెగలేదని తెలిసికొనుటకు ఇవతలి కంప్యూటరు ఒక మాటను పంపి, అందు ఇన్ని అక్షరములున్నవని చెప్పును. సర్వరు ఆ మాటనే తిరిగి పంపవలెను. 2012లో వెలువడిన కూర్పున ఆ లెక్కను సరిచూచు ఏర్పాటు లోపించెను. నాలుగక్షరములు పంపి అరువదివేలని బొంకినచో, సర్వరు తక్కిన లెక్కను తన జ్ఞాపకము నుండి నింపి పంపెడిది. ఒక్క పర్యాయమునకు 64 కిలోబైట్ల వరకు. అందు ఖాతాదారుల సంకేతపదములు, రహస్యలిపి తాళపుచెవులు కూడ నుండవచ్చును. దొంగిలించిన జాడ సాధారణముగా మిగిలెడిది కాదు.

గూగుల్ సంస్థకు చెందిన నీల్ మెహతాయు, ఫిన్లాండులోని కోడెనోమికాన్ సంస్థ ఇంజనీర్లును ఎవరికి వారే దీనిని కనుగొనిరి. రెండు తావుల సజ్జనులు కనుగొన్న దానిని మూడవ తావున దుర్జనుడు కనుగొనలేదని ఎవరు చెప్పగలరు? దాచిపెట్టుటయే మేలను వాదములోని బలహీనత ఇదియే.

2014 ఏప్రిల్ 7న సవరించిన కూర్పును విడుదలచేసి, లోపమును బహిరంగపరచిరి. అనేక సంస్థలు వెంటనే మేలుకొనెను. అయినను కొలది దినములలోనే కెనడా దేశపు పన్నుల శాఖ నుండి సుమారు 900 మంది పౌరుల గుర్తింపు సంఖ్యలు అపహరింపబడెను. చాటుటకును మూల్యము కలదు.

కావున నిపుణులు మధ్యేమార్గమును అవలంబించుచున్నారు. కనుగొన్నవారు మొదట తయారీదారునకు రహస్యముగా తెలిపి, గడువిచ్చి, పిమ్మట లోకమునకు ప్రకటింతురు. అమెరికాలో 1988లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఏర్పడిన సెర్ట్ కేంద్రము 45 దినములు, గూగుల్ వారి ‘ప్రాజెక్ట్ జీరో’ 90 దినములు గడువుగా పాటించుచున్నవి. గడువు లేనిచో తయారీదారుడు అలసత్వము వహింపవచ్చును. మరీ కురుచయైనచో సవరణ సిద్ధము కాకమునుపే రహస్యము వీధిన పడును. మన దేశమున 2004 నుండి పనిచేయుచున్న ‘సెర్ట్-ఇన్’ ఇట్టి సమాచారమును స్వీకరించుచున్నది.

ఒక్క సంగతి గృహస్థులు గుర్తుంచుకొనవలెను. సవరణ వెలువడిన దినముననే, పాత కూర్పులో లోపమెక్కడనో దొంగకును తెలిసిపోవును. మన ఫోను సవరణ వచ్చినదని తెలిపినప్పుడు, దానిని రేపటికి త్రోసివేయరాదనుటకు కారణమిదియే.