వార్తల్లో పదం: కోలిఫామ్
అతిసారం వార్త వచ్చినప్పుడల్లా ‘నీటి నమూనాల్లో కోలిఫామ్’ అన్న మాట వెంటే వస్తుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం పలువురి ప్రాణాలు తీసినప్పుడు కూడా అందరి చూపూ కుళాయి నీటి మీదే పడింది.

కోలిఫామ్‌లు మట్టిలోనూ, మనుషుల, పశువుల పేగుల్లోనూ ఉండే బ్యాక్టీరియా. చాలావరకు హాని చేయవు. వీటిలో ఒకటైన ఇ.కోలి కనబడితే మాత్రం నీళ్లలో మలం కలిసినట్టే. కలరా, టైఫాయిడ్ క్రిములూ ఆ దారినే రావచ్చు. అందుకే 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలి ఒక్కటీ ఉండకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది.

మచిలీపట్నం, దివిసీమల్లో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. గుడివాడ మొదలు తీరం దాకా కృష్ణా కాలువల నీళ్లే చెరువుల్లో నింపి, శుద్ధి చేసి ఇస్తారు. శుద్ధి చేసినా దారిలో చెడవచ్చు. ఇరుకు పేటల్లో మురుగుకాలువలోంచి వెళ్లే గొట్టం పగిలితే, సరఫరా ఆగిన వేళ మురుగు లోపలికి చేరుతుంది. కాబట్టి చివరి ఇంటి కుళాయిలోనూ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.

తేటగా కనిపించే నీళ్లలోనూ కోలిఫామ్ ఉండవచ్చు. అనుమానం ఉంటే నీళ్లను కళపెళ మరగనిచ్చి, మరో నిమిషం ఉంచి, చల్లార్చి తాగాలి.