నర్సరీ నుంచి ఇంటర్ దాకా... సంతకానికి ముందు సిలబస్ చూడండి

హన్మకొండ: ‘నర్సరీ నుంచి ఇంటర్ వరకు ఒకే ప్రాంగణంలో’ అన్న ఫ్లెక్సీలు ప్రవేశాల వేళ కాజీపేట నుంచి వరంగల్ వరకు కూడళ్లలో దర్శనమిస్తుంటాయి. భవనం, బస్సు సౌకర్యం, ఫీజు చూసుకొని తల్లిదండ్రులు దరఖాస్తుపై సంతకం చేస్తుంటారు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మూడేళ్లు, బడి పదేళ్లు, ఇంటర్ రెండేళ్లు. వెరసి పదిహేనేళ్ల చదువు. ఈ కాలంలో చిన్నారి ఏ పుస్తకాలు చదవాలి, ఏ బోర్డు పరీక్ష రాయాలి, ఏ ప్రవేశ పరీక్షకు సిద్ధం కావాలి అన్నది చాలా వరకు ఆ సంతకంతోనే ముడిపడి ఉంటుంది. పాఠశాలను మధ్యలో మార్చుకోవచ్చు. బోర్డును మార్చుకోవడం మాత్రం అన్ని తరగతుల్లోనూ సాధ్యపడదు. అందువల్ల ఏ మెట్టు వద్ద ఏమి మారుతుందో ముందుగానే తెలుసుకోవడం అవసరం.

పేరు వేరు... గుర్తింపు వేరు

టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్ అన్నవి సిలబస్‌ల పేర్లు కావు. పాఠశాలలు అదనంగా బోధించే అంశాలకు పెట్టుకున్న పేర్లు మాత్రమే. జిల్లాలో తల్లిదండ్రుల ముందున్న ప్రధాన మార్గాలు మూడు. మొదటిది రాష్ట్ర సిలబస్. దీనికి పుస్తకాలను రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి రూపొందిస్తుంది. రెండోది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ఆధారంగా నడిచే సీబీఎస్‌ఈ. మూడోది ఐసీఎస్‌ఈ. ఇందులో ఆంగ్ల భాషకు, ఆంగ్ల సాహిత్యానికి వేర్వేరు పేపర్లు ఉంటాయి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను కూడా వేర్వేరుగానే బోధిస్తారు.

‘సీబీఎస్‌ఈ తరహా బోధన’ అని చెప్పినంత మాత్రాన ఆ బడికి సీబీఎస్‌ఈ గుర్తింపు ఉన్నట్లు కాదు. గుర్తింపు రాష్ట్ర ప్రభుత్వానిదైతే విద్యార్థి పదో తరగతిలో రాయాల్సింది ఎస్సెస్సీ పరీక్షే. ఏళ్ల తరబడి ఒక పుస్తకం చదివి, చివర్లో మరో పుస్తకంపై పరీక్ష రాయాల్సి వస్తే నష్టపోయేది విద్యార్థే.

పసి వయసు: పుస్తకం కన్నా ఆటే ముఖ్యం

ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంబంధించినది. నర్సరీ తరగతులు దాని ప్రధాన పరిధిలోకి రావు. అందుకే ఒక బడిలో నర్సరీ పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే, పక్క వీధిలోని బడిలో అదే వయసు వారు ఎక్కాలు రాస్తుంటారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఉన్న దశను, అంటే నర్సరీ మొదలు రెండో తరగతి వరకు, ఒకే పునాది దశగా పరిగణించింది. ఈ దశకు 2022లో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటలు, పాటలు, కథల ద్వారా నేర్పాలని సూచించింది. ఈ వయసులో పరీక్షలు తగవని స్పష్టం చేసింది. నర్సరీ ప్రవేశానికి చిన్నారికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టే బడి ఈ స్ఫూర్తికి దూరంగా ఉన్నట్లే.

వయసు విషయంలోనూ తొందర తగదు. జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ఈ నిబంధన అమలవుతోంది. మరోవైపు వైద్య విద్య ప్రవేశానికి నిర్వహించే నీట్ రాయాలంటే ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. రెండేళ్లకే నర్సరీలో చేర్చి ఏడాది కలిసి వస్తుందని భావించే వారికి పదిహేనేళ్ల తర్వాత ఈ నిబంధన అడ్డుపడే అవకాశం ఉంది.

ఏ బోర్డు అయినా తెలుగు తప్పనిసరి

తెలంగాణ ప్రభుత్వం 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలోని అన్ని పాఠశాలల్లో, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులతో సహా, తెలుగును బోధించాలి. 2018-19లో మొదలైన అమలును దశలవారీగా పై తరగతులకు విస్తరించారు. ఇతర బోర్డుల విద్యార్థుల కోసం ‘వెన్నెల’ పేరుతో సరళమైన వాచకాన్ని ఎంపిక చేశారు. చేరబోయే బడిలో తెలుగు ఏ తరగతి నుంచి, వారానికి ఎన్ని పీరియడ్లు చెబుతున్నారో అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అయితే పదో తరగతి వరకు తెలుగు చదివిన విద్యార్థుల్లో పలువురు మార్కుల కోసం ఇంటర్‌లో సంస్కృతాన్ని ద్వితీయ భాషగా ఎంచుకుంటుండటం గమనార్హం.

తొమ్మిది, పది: మలుపు ఇక్కడే

ఎనిమిదో తరగతి వరకు ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు మారడం అంత కష్టం కాదు. సీబీఎస్‌ఈ విద్యార్థి వివరాలను తొమ్మిదో తరగతిలోనే నమోదు చేస్తుంది. తొమ్మిది, పది తరగతులను కలిపి రెండేళ్ల కోర్సుగా చూస్తుంది. నేరుగా పదిలో చేరడానికి తల్లిదండ్రుల బదిలీ వంటి కారణాలపైనే అనుమతిస్తారు. గణితంలో బేసిక్, స్టాండర్డ్ అని రెండు స్థాయుల ప్రశ్నపత్రాలు ఉంటాయి. పైచదువుల్లో గణితం కొనసాగించదలచిన వారికి ఉద్దేశించింది స్టాండర్డ్. ఎస్సెస్సీలో గతంలో ఉన్న 11 పేపర్ల విధానానికి 2022 నుంచి స్వస్తి పలికారు. ప్రస్తుతం ఆరు సబ్జెక్టులకు పరీక్షలు జరుగుతున్నాయి.

ఒకే గేటు... రెండు సంస్థలు

రాష్ట్ర సిలబస్‌లో ‘నర్సరీ నుంచి ఇంటర్ వరకు’ అన్న మాట వెనుక ఒక మెలిక ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ కోర్సు ప్రారంభమైంది. 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. నాటి నుంచి పదో తరగతి వరకు పాఠశాల విద్యాశాఖ, ఆపైన ఇంటర్ బోర్డు అన్న విభజన కొనసాగుతోంది. అంటే ప్రాంగణం ఒకటే అయినా, బడికి ఒక గుర్తింపు, జూనియర్ కళాశాలకు మరో గుర్తింపు ఉండాలి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్లు కాదు. సీబీఎస్‌ఈలోనూ పది వరకు, పన్నెండు వరకు గుర్తింపులు వేర్వేరుగా ఉంటాయి. పన్నెండు వరకు గుర్తింపు ఉన్న బడిలో మాత్రం ఒకే బోర్డు కింద చదువు సాగుతుంది. మామునూరులోని జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరు నుంచి పన్నెండు వరకు ఈ విధానమే నడుస్తోంది.

పరీక్షల తీరులోనూ తేడా ఉంది. ఇంటర్‌లో మొదటి, రెండో సంవత్సరాలు రెండింటికీ బోర్డు పరీక్షలు ఉంటాయి. సీబీఎస్‌ఈలో 11వ తరగతి పరీక్షను బడే నిర్వహిస్తుంది. బోర్డు పరీక్ష 12కే. జేఈఈ, నీట్‌లకు సిద్ధమయ్యే వారికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దగ్గరగా ఉంటాయి. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశాలకు నిర్వహించే ఎప్‌సెట్‌కు ఇంటర్ సిలబస్ ఆధారం. ఇంటర్ మార్కులకు గతంలో ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో తొలగించారు. అంతమాత్రాన బోర్డు మార్కులను తేలిగ్గా తీసుకోరాదు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన మన నిట్‌లో చేరాలన్నా జేఈఈ ర్యాంకుతో పాటు 12లో 75 శాతం మార్కులు గానీ, ఆ బోర్డు ఉత్తీర్ణుల్లో మొదటి 20 శాతంలో స్థానం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఇది 65 శాతం.

ఇంటర్ కోసం పిల్లలను విజయవాడ, గుంటూరులకు పంపే కుటుంబాలు మరో విషయం గుర్తుంచుకోవాలి. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. 12వ తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులైతే అదే సొంత రాష్ట్రం. తెలంగాణ వైద్య కళాశాలల్లో స్థానికత కోసం 9 నుంచి 12 వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో జీవో 33 వచ్చింది. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. మినహాయింపులు కొన్ని వర్గాలకే పరిమితం. కాకతీయ మెడికల్ కళాశాల సీటుపై ఆశతో పక్క రాష్ట్రానికి పంపితే, ఆ చదువే స్థానికతను దూరం చేసే ప్రమాదం ఉంది.

చేర్చే ముందు అడగాల్సినవి

* గుర్తింపు ఏ బోర్డుది, ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు? పత్రం చూపమని కోరాలి. సీబీఎస్‌ఈ గుర్తింపు సంఖ్యను ఆ బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

* ఇంటర్ ఉందంటే జూనియర్ కళాశాలకు ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందా? విద్యార్థి పేరు ఏ కళాశాల జాబితాలో ఉంటుంది?

* ఏ తరగతిలో ఏ పాఠ్యపుస్తకం? ఫౌండేషన్ తరగతుల కోసం ఆటలు, చిత్రలేఖనం, గ్రంథాలయం పీరియడ్లను తగ్గిస్తున్నారా?

* మధ్యలో మానిపిస్తే బదిలీ పత్రంలో ఏ బోర్డు పేరు రాస్తారు?

సీబీఎస్‌ఈ గొప్పదా, రాష్ట్ర సిలబస్ గొప్పదా అన్న చర్చకు అంతు లేదు. రెండింటిలో చదివిన వారూ నిట్‌లోనూ, మెడికల్ కళాశాలలోనూ ఉన్నారు. ఫ్లెక్సీపై రాసిన సిలబస్, గుర్తింపు పత్రంలోని సిలబస్, తరగతి గదిలో చెప్పే సిలబస్ మూడూ ఒకటేనా అన్నదే తల్లిదండ్రులు తేల్చుకోవాల్సిన అంశం. అది తేలాకే ఫీజు సంగతి మాట్లాడుకోవడం మేలు.