ఇంజనీరింగు చదువున మొదటి యేడు



ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల నుండి ఏటేట పలువురు బాలురును బాలికలును ఇంటరు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, ప్రవేశపరీక్ష వ్రాసి, ఇంజనీరింగు కళాశాలలకు పోవుచున్నారు. పోవునాడు ఊరంతయు సంతోషించును. ఆఱేడు నెలలు గడచి మొదటి సెమిస్టరు ఫలితములు వచ్చి, రెండు మూడు పాఠ్యవిషయములలో తప్పినాడని తెలియగానే, ‘వీడు చెడు సహవాసమున పడినాడు, ఇంక చదువు మాన్పింతము’ అని ఇంటివారు తలచుదురు. బడిపంతులుగా నున్న కాలమున ఇట్లు నడుమ నిలిచిపోయిన చదువులను పెక్కింటిని చూచితిని. సహవాసము వలన చెడినవారు వానిలో కొలదిమందియే. తక్కినవారికి ఏమి సంభవించునో మీకు విన్నవింపదలచితిని.

పూర్వము మన సీమవారికి ఈ విద్య కావలెనన్న చెన్నపట్టణపు గిండీకి పోవుటయే గతి. 1946లో అనంతపురము కళాశాల యేర్పడినది. అదియు మొదట గిండీలోనే నడచి 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. 1972లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరి, 2008లో అనంతపురము కేంద్రముగా వేఱు విశ్వవిద్యాలయమైనది. ఇప్పుడు కర్నూలులోను కళాశాలలు కలవు. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు మీదుగా నొకపూటలో అనంతపురము చేరవచ్చును. దూరము తగ్గినది గాని మొదటి యేటి కష్టము తగ్గలేదు.

మొట్టమొదట పిల్లవానిని నిలువరించునది డ్రాయింగు. బొమ్మలు వేయుట యని భ్రమింపకుడు. మన యింటి కుంచమునే తీసికొనుడు. పైనుండి చూచిన నది గుండ్రని గీత. కంటి కెదురుగా నుంచి చూచిన నలుమూలల పలక. పైచూపునకు ప్లాననియు, ఎదుటి చూపునకు ఎలివేషననియు పేరు. కళ్ళములోని ధాన్యపు రాశి పైనుండి వృత్తము, ఎదుట నుండి త్రికోణము. ఆ రాశిని ఏటవాలుగా నొక ప్రక్కనుండి యింకొక ప్రక్కకు కోసినచో కోసిన ముఖము సాగదీసిన గుండ్రమువలె నుండును. దానిని దీర్ఘవృత్తమందురు. వస్తువు ఎదుట లేకయే ఇదంతయు మనస్సున చూచి, కొలతబద్దతో వెంట్రుకవాసి తప్పక గీయవలెను. ఇంటరులో ఇట్టి యభ్యాసము లేదు. అచ్చట రెండేండ్లును ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి ఒకదానిని గుర్తింపు మనుటయే శిక్షణ. బండిచక్రము చేయు వడ్రంగి యింటి బిడ్డకు డ్రాయింగు త్వరగా పట్టుబడును. పుస్తకము వల్లించి వచ్చినవానికి కొన్ని నెలలు పట్టును. తొంబది మార్కుల బాలుడు ముప్పదికి దిగుట తఱచుగా ఇందువలననే.

గణితమున మాత్రికలని యొక భాగము కలదు. అంకెలను అడ్డువరుసలుగాను నిలువువరుసలుగాను నిలిపి లెక్క చేయుట. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిన యెమ్మిగనూరులో, మగ్గము చెంత పెరిగిన బిడ్డకు పడుగు పేకలు కొత్తవి గావు. ఉపాధ్యాయుడు ఆ పోలిక నొక్కసారి చూపిన చాలును. కాని అఱువదిమంది కూర్చున్న తరగతిలో అంత తీఱిక యెవరికి?

తరువాతిది భాష. పదవ తరగతి దాక తెలుగున చదివినవాడు ఇచ్చట అంతయు ఆంగ్లమున వినవలెను. తెలుగు మొదలగు భాషలలో ఈ విద్య బోధించుటకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో అనుమతించినది గాని, నేటికిని హెచ్చు కళాశాలలలో ఆంగ్లమే నడచుచున్నది. పిల్లవాడు అర్థముకానిచోట లేచి అడుగడు. నోరు విప్పిన నవ్వుదురని భయము. ఆదోని అంగడిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడింటను బేరమాడు బిడ్డలకు నాలుగవ భాష యొక లెక్కయా? భాష రాదను మాట నేను నమ్మను. సిగ్గు విడుచుటకు మాత్రము కొంతకాలము కావలెను.

ఒంటరితనము అన్నిటికంటె మెల్లగా తినునది. మన దేశమున తొలి మహిళా ఇంజనీరని ప్రసిద్ధి గాంచిన అయ్యలసోమయాజుల లలితగారు తెలుగువారు. పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయి, పసిబిడ్డతో పుట్టింట నుండి, 1940లో గిండీ కళాశాలలో విద్యుచ్ఛాఖయందు చేరిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు అచ్చటనే ఆచార్యులు. అయినను, వందలకొలది బాలుర నడుమ ఆమె యొక్కరే బాలిక. వసతిగృహమున తోడు లేదు. తండ్రిగారును ప్రిన్సిపాలు చాకోగారును ఆమె చదువును మాన్పింపలేదు. మఱికొందఱు బాలికలను చేర్చుకొందుమని ప్రకటించిరి. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అను నిరువురు సివిలు శాఖలో చేరిరి. లలితగారు పిమ్మట భాక్రా నంగల్ విద్యుత్తు పనులలో పాల్గొని, 1964లో న్యూయార్కు నగరమున జరిగిన మహిళా ఇంజనీర్ల అంతర్జాతీయ సభకు పోయిరి. తండ్రి ఆచార్యుడైన యింటి బిడ్డకే తోడు వలసియుండగా, కోసిగి నుండి పోయిన బిడ్డ సంగతి చెప్పనేల! మీ యూరి పిల్లలిద్దఱు ఒకే కళాశాలలో నుండినచో ఒకే గదిలో నుండునట్లు చూడుడు.

పై తరగతివారు ర్యాగింగను పేర బాధించినచో ఓర్చుకొమ్మని చెప్పకుడు. మన రాష్ట్రమున 1997లోనే దానిని నేరముగా నిషేధించిరి. 1800-180-5522 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును, రుసుము లేదు.

ఇక మన పశ్చిమ మండలములకే చెందిన మాట. సుగ్గికని కుటుంబములు మిరప కోతకును ప్రత్తి యేరుటకును గుంటూరు వైపు తరలును. ముసలివారికో తమ్ముళ్లకో కాపుగా కళాశాల బిడ్డను నెలదినములు రమ్మందురు. నూటికి డెబ్బదియైదు పాళ్ల హాజరు లేనివానిని పరీక్షకు కూర్చుండనీయరు. జబ్బు మొదలగు కారణములకు కొంత సడలింపు కలదు గాని సుగ్గి ఆ లెక్కలోనికి రాదు. పరీక్ష తప్పిన మరల వ్రాయవచ్చును. హాజరు తప్పిన, ఆ సెమిస్టరంతయు మరల చదువవలసి, యేడు వృథాయగును. కావున ఆ నెలలో ముసలివారిని చూచుటకు ఊరిలో నుండు బంధువు నెవరినైన నియమించుకొని, ఆ యేర్పాటు సుగ్గికి బయలుదేరుటకు ముందే బిడ్డకు ఫోనున తెలుపుడు.